ఆదివారం దాకా దాచిన రక్తం

పదకొండో దెబ్బకి లాకప్‌లోంచి వస్తున్న అరుపు ఆగిపోయింది.

క్రాంతికుమార్ వాచీ చూసుకున్నాడు. మూడు గంటల అయిదు నిమిషాలు. అత్తవారు పెట్టిన ఆ వాచీ చేతికెక్కి ఇంకా రెండు వారాలు కాలేదు. టైముతో పని ఉన్నా లేకపోయినా దాన్ని చూసుకోవడం అతనికి భలే సరదా. ఈ ఒక్కసారి మాత్రం దాన్ని చొక్కా చేతి కిందికి తోసేశాడు. రెండో చేతిలో భార్య షెకీనా కట్టిచ్చిన స్టీలు క్యారేజీ. మూడు గిన్నెలు, అడుగు గిన్నెలో చేపల పులుసు. పొద్దుటినుంచీ మోస్తున్నాడే కాని మూత తియ్యలేదు.

సి.ఐ. పరదేశి లాఠీ తుడుచుకుంటూ బయటికొచ్చాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది.

"ఏటి పెళ్ళికొడుకు బావా, క్యారేజీ నాకేనా?"

"సోమన్నతో అయిదు నిమిషాలు మాటాడనివ్వండి."

"మాటాడు. నాకు సెప్పిందే నీకూ సెప్తాడు. మంగళవారం పట్టుకున్నా అరెస్టు నిన్న, బుధవారం సాయంత్రం చూపించేను. ఇవేళ అయిదింటికి మేజిస్ట్రేటు గారి ముందు పెడతాను. అక్కడా అదే ముక్క అంటే నాకు కేసు అయిపోద్ది, నీకు సెలవు."

సోమవారం సాయంత్రం ఆరుకీ ఆరూ నలభైకీ మధ్య, డాక్టర్ త్రినాధరావు గారి గుండె ఆసుపత్రి లాబ్‌లో టెక్నీషియన్ జాన్ బాబుని కొట్టి చంపేశారు. మొదట తల వెనక. పడిపోయాక మూతి మీద, పళ్ళు ఊడి గొంతులోకి పోయేదాకా. పోస్టుమార్టంలో చిగుళ్ళ మధ్య చిన్న చర్మం ముక్క దొరికింది. అంటే చచ్చేముందు జాన్ బాబు హంతకుణ్ణి కరిచాడు. మర్నాడు పోలీసులు సోమన్నని పట్టుకున్నారు. రావికమతం అవతల కొండవారల్లో పోడు చేసుకునే మనిషి. కూతురు ఈశ్వరికి రక్తంలో కొవ్వు వడపోసే మిషను వైద్యం కోసం ఆసుపత్రి వరండాలోనే ఉన్నాడు, ముంజేతికి గుడ్డ కట్టుతో.

జాన్ బాబు క్రాంతికి చర్చి క్వయర్‌లో జతగాడు. మొన్న పెళ్ళిలో కీబోర్డు వాయించింది అతనే. అందుకే ఈ కేసుకి ఎవరూ ఫీజివ్వకపోయినా ప్రైవేటు డిటెక్టివ్ క్రాంతి మూడు రోజులుగా తిరుగుతున్నాడు.

సోమన్న గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కాళ్ళ మీద, వీపు మీద చర్మం కమిలి నల్లబడింది. ఒక కన్ను మూసుకుపోయింది.

"నానే సంపేను బాబూ. ఇంకేటీ అడగొద్దు."

"దేంతో కొట్టేవు?"

"కర్రతో."

"ఏ కర్ర?"

సోమన్న సి.ఐ. వైపు చూశాడు. "కర్రే."

"జాన్ బాబు తల పగిలింది ఇనప సెలైన్ స్టాండుతో."

"బయ్యంలో ఇనుమేదో కర్రేదో ఆడికేం తెలుస్తాది?" అన్నాడు పరదేశి తలుపు దగ్గర్నించి.

క్రాంతి ఆ ముంజెయ్యి పట్టుకుని కట్టు విప్పాడు. ఆకుపసరు, పసుపు, చీము కలిసిన వాసన గుప్పుమంది. మోచేతి దాకా వాచిపోయింది. కాటో, కోతో, పోటో ఏరియా ఆసుపత్రి డాక్టరు కూడా తేల్చలేకపోయాడు.

"ఇదేటి?"

"ఆ బాబు కరిసేడు."

"అలా సెప్పమని ఎవరన్నారు?"

సోమన్న కట్టు మళ్ళీ చుట్టుకోబోయాడు. క్రాంతి గొంతు తగ్గించాడు. "ఈశ్వరికి మిషను ఎక్కిస్తామని మాటిచ్చిందెవరు సోమన్నా?"

మూసుకుపోని ఆ ఒక్క కంట్లో నీళ్ళు తిరిగాయి. "నానొప్పుకుంటే దానికి బతికున్నన్నాళ్ళూ రగతం కడుగుతారంట. పదిహేడేళ్ళ పిల్ల. మెట్టెక్కితే గుండె పట్టేత్తాది. పేరు సెప్తే ఆ పిల్లకి సూది పడదు బాబూ. నన్నొగ్గేయి."

క్రాంతి లేచాడు. ఇంక ఈ మనిషి నోటివెంట నిజం రాదు. అయిదు లోపు దాన్ని వేరే చోట వెతకాలి.

బయట బండి స్టార్టు చెయ్యకుండానే షెకీనాకి ఫోన్ చేశాడు. ఆమె డిగ్రీ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెబుతుంది.

"తిన్నారా?"

"లేదు."

"పులుసు విరిగిపోతే నా వంట బాలేదని ఊళ్ళో చెప్పకండేం!"

"మాస్టారూ, ఒక పాఠం చెప్పండి. సి.ఆర్.పి. అంటే ఏటి? జాన్ బాబు చేసేది ఆ టెస్టే కదా."

గొంతు మారింది. "ఒంట్లో ఎక్కడ మంట రేగినా లివరు పుట్టించే ప్రోటీను. గుండె రక్తనాళాల గోడల్లో లోలోపల రాజుకుంటుంటే కొంచెమే పెరుగుతుంది, మూడో నాలుగో. అందుకే గుండె డాక్టర్లు దాన్ని చూస్తారు. అదే పుండు చీము పట్టిందనుకోండి, తొంభై, వంద."

"ఎంతసేపటికి?"

"దెబ్బ తగిలిన ఆరేడు గంటలకి మొదలవుతుంది. రెండో రోజుకి నిండుగా ఉంటుంది."

"ఆ రక్తం వడపోసే మిషను దాన్ని తగ్గిస్తుందా?"

"కొలెస్ట్రాల్‌తో పాటు అదీ కొంత ఫిల్టర్లో ఉండిపోతుంది. అప్పటికప్పుడు తగ్గుతుంది. లివరు ఊరుకోదు కదండీ, మళ్ళీ తయారుచేస్తుంది. మన పెళ్ళి భోజనాల దగ్గర జాన్ బాబు నాతో అదే అన్నాడు. 'వదినా, మిషను మంచిదే, కొవ్వుని నిజంగానే దింపుతోంది. కాని పద్నాలుగు రోజులూ మంట దిగే ఉంటుందని రాయమంటున్నారు. నేను చూస్తే మూడో రోజుకే చాలామందికి మొదటికొస్తోంది' అని."

"రాయమన్నదెవరు?"

"అడిగేలోపు ఫొటోకి పిలిచేరండీ."

మూడూ ముప్ఫయ్యైదుకి క్రాంతి ఆసుపత్రి మెట్లెక్కుతుంటే సిస్టర్ లూర్దు మేరీ ఎదురొచ్చింది. యాభై ఏళ్ళ మనిషి. జాన్ బాబు శవాన్ని మొదట చూసింది ఆమే. ఇప్పుడు మిషను నడుపుతున్నదీ ఆమే.

"డాక్టర్ గారు ఇప్పుడే బేగు పట్టుకుని వెళ్ళిపోయేరు బాబూ. ఏదో అర్జెంటు కేసట. ఈశ్వరిని రెండున్నరకి మిషను మీద పెట్టేను. సోమవారం దాని వంతే, ఆ ఘోరంతో ఆగిపోయింది. ఇవేళ చూస్తే హెపారిన్ ట్రే ఖాళీ! పొద్దున నిండుగా పెట్టేను. కొత్త పెట్టె తెరవాల్సొచ్చింది."

"హెపారిన్ అంటే?"

"రక్తం గొట్టాల్లో తిరిగేటప్పుడు గడ్డకట్టకుండా వేసే మందు. అది లేపోతే మిషను అయిదు నిమిషాల్లో బిగుసుకుపోద్ది."

గ్లాసు తలుపు అవతల ఈశ్వరి కనబడింది. మోచేతుల మీద పసుపుపచ్చ కొవ్వు బుడిపెలు. రెండు చేతులకీ సూదులు. ఒక చేతి రక్తం గొట్టంలోంచి మిషనులోకి వెళ్ళి, పసుపు నీరు వేరుపడి, గాజు స్తంభంలా ఉన్న ఫిల్టరు దాటి, కొవ్వు వదిలించుకుని రెండో చేతిలోకి వస్తోంది. పక్కన కుర్చీలో నిండు చేతుల చొక్కా వేసుకున్న మనిషి కమలాఫలం వలిచి ఆమె నోట్లో పెడుతున్నాడు.

"ఆయనెవరు?"

"కృపాకర్ గారు. అచ్యుతాపురం మందుల కంపెనీ తరఫున ఈ మిషను మీద చేసే ట్రయల్ చూసేది ఆయనే. ఆయనకీ ఇదే కొవ్వు జబ్బు, పుట్టుకతో. రెండు వారాలకోసారి ఆయనా మిషనెక్కుతారు. పిల్లకి ధైర్యం చెప్తానని కూచున్నారు. మంచి మనిషి."

క్రాంతి లాబ్ తలుపు దగ్గరికెళ్ళి పోలీసు సీలు లాగేశాడు. లూర్దు మేరీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

లోపల రక్తం గోడ మీద మనిషెత్తు దాకా చిమ్మి ఎండిపోయింది. నేల మీద చాక్‌పీసు గీత. స్టాండుని పోలీసులు తీసుకుపోయారు. దాని చక్రాలు రక్తంలో గీసిన రెండు చారలు మాత్రం మిగిలాయి. క్రాంతి క్యారేజీ గడప మీద పెట్టి, గీత చుట్టూ ఒకసారి తిరిగాడు. బల్ల చివర కట్లు కట్టే గాజుగుడ్డ డబ్బా. మూత గట్టిగా బిగించి ఉంది. పక్కన స్పిరిట్ సీసాలో గుడ్డ పట్టి తీసే చిమటా. సీసా మెడ మీద గోధుమరంగు చుక్క.

"సిస్టర్, సోమవారం మీరు లోపలికొచ్చినప్పుడు ఇక్కడ ఏదైనా సర్దేరా?"

"నేనా? గడప దగ్గరే కూలబడిపోయేను బాబూ."

"అయితే హంతకుడు గాయానికి గాజుగుడ్డ పెట్టుకున్నాడు. చిమటాతో తీసి, డబ్బా మూత బిగించి, చిమటాని మళ్ళీ స్పిరిట్లో పెట్టేడు. పక్కన శవం ఉంది, అయినా అలవాటు తప్పలేదు. చేతికి ఆకుపసరు రాసుకునే సోమన్న ఇలా చేస్తాడా?"

లూర్దు మేరీ సిలువ గుర్తు వేసుకుంది.

"ఇంకొకటి. జాన్ బాబు తల పగిలి చచ్చిపోయేక మూతి ఎందుకు పగలగొట్టేడు?"

"కోపంతో..."

"కాదు. పళ్ళ కోసం."

"నీ పళ్ళు చూసుకో ముందు!"

లాఠీ పిడి క్రాంతి డొక్కలో దిగబడింది. ఊపిరి ఆగి అతను మోకాళ్ళ మీద పడ్డాడు. రెండో దెబ్బ భుజం మీద. పరదేశి అతని కాలరు పట్టుకుని గోడకేసి కొట్టాడు. ఎండిన రక్తం పెచ్చులు జుట్టులో రాలాయి.

"నా సీలు తీసేవు కదరా! కృపాకర్ గారు ఫోన్ చెయ్యపోతే నాకు తెలిసేదే కాదు. ఎవడనుకుంటన్నావు నువ్వు? పది దొంగతనాలు పట్టేవని పేపర్లో ఏసేరు, అంతేనా?"

"పదకొండు," అన్నాడు క్రాంతి. పెదవి చిట్లి నోట్లోకి ఉప్పగా వచ్చింది. "సి.ఐ. గారూ, వాచీ మీద కొట్టకండి. అత్తారింట్లో జవాబు చెప్పుకోలేను."

పరదేశి చెయ్యి గాల్లో ఆగింది. నవ్వాలో కొట్టాలో అతనికి తెలియలేదు.

"పది నిమిషాలివ్వండి. తర్వాత ఎన్ని కావాలంటే అన్ని కొట్టుకోండి. సిస్టర్, సోమవారం సోమన్న రక్తం ఎవరైనా తీసేరా?"

"జాన్ బాబే తీసేడు. వంశంలో ఉన్న జబ్బు కదా, తండ్రినీ చూడాలన్నాడు. పొద్దున పదకొండూ ఇరవైకి. కొలెస్ట్రాల్ చూసి మిగతాది నా ఫ్రిజ్‌లో పెట్టేడు."

"మూడు రోజులయ్యింది. పారబోసెయ్యలేదా?"

లూర్దు మేరీ ముఖంలో కొంచెం కోపం వచ్చింది. "మనిషి రక్తం నేను సింకులో పొయ్యను బాబూ. డాక్టర్ గారు తిట్టినా పొయ్యను. ఆదివారం దాకా దాచి, చర్చిలో పూజ అయ్యేక వెనకాల గొయ్యి తీసి పెడతాను. పాతికేళ్ళ పట్టింపు. జాన్ బాబు ఒక్కడికే చెప్పేను. నవ్వేడు గాని, గొయ్యి తనే తీసేవాడు."

నర్సుల గదిలో చిన్న ఫ్రిజ్ తెరిచింది. పెరుగు గిన్నె వెనక ట్యూబుల స్టాండు. అడుగున ఎర్రటి గడ్డ, పైన పసుపు నీరు. ఒకదాని మీద జాన్ బాబు చేతిరాత: సోమన్న, సోమ, 11.20.

లాబ్‌కి సీలు వేసేముందు టెస్టు సామానంతా ఈ గదిలోకి చేర్చారు. ఆమె నల్లటి పలక మీద ఆ పసుపు నీరు ఒక చుక్క వేసింది. పాలలాంటి మందు చుక్క కలిపి పలకని మెల్లగా ఊపింది. పాలు విరిగినట్టు తెల్లటి రేణువులు తేలాయి. పలచన చేసి మళ్ళీ చూసింది. మళ్ళీ. చివరికి పదహారు రెట్లు పలచన చేసినా రేణువులు కట్టాయి.

"తొంభై పైమాట," అంది.

"సి.ఐ. గారూ, దెబ్బ తగిలేక ఆరేడు గంటలు గడిస్తే గాని ఇది పెరగదు. ఇంతకి రావాలంటే ఒకటి రెండు రోజులు. జాన్ బాబు కరిచింది సాయంత్రం ఆరు తర్వాత. ఆ పొద్దున పదకొండూ ఇరవైకే సోమన్న చెయ్యి చీము పట్టి ఉంది. సాయంత్రం జరగబోయే కాటుకి పొద్దున్నే మంట ఎలా రేగింది?"

పరదేశి పలకని లైటు కిందికి వంచి చూశాడు. "జలుబు చేసుంటాది."

"జలుబుకి తొంభై రాదు సార్," అంది లూర్దు మేరీ. "పంది కుమ్మిందని సోమన్నే చెప్పేడు నాకు, శనివారం. మిమ్మల్ని చూసి మాట మార్చేసేడు."

"మరెవడు?"

క్రాంతి ఫ్రిజ్‌లోకి వంగాడు. బుధవారం వరసలో నాలుగు ట్యూబులు. ఒకదాని మీద లూర్దు మేరీ చేతిరాత: కృపాకర్, బుధ, 10.05, ముందు.

"ఇదేటి సిస్టర్?"

ఆమె తడబడింది. "మేము మిషను పెట్టేముందు ఒకటి, తీసేక ఒకటి రక్తం తీస్తాం. నిన్న కృపాకర్ గారు, 'ముందు శాంపిల్ వద్దు సిస్టర్, నీరసంగా ఉంది, తర్వాతది చాలు' అన్నారు. నేను సూది పెట్టేటప్పుడు కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తాను. ప్రార్థన అయ్యి కళ్ళు తెరిస్తే ట్యూబు నా చేతిలో నిండి ఉంది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. కోప్పడతారని చెప్పలేదు. పారబొయ్యనూ లేదు."

"ఎప్పుడూ ఆయనకెంత ఉంటుంది?"

"మూడు. ఎప్పుడేనా నాలుగు."

పలక కడిగింది. చుక్క వేసింది. ఊపకముందే పాలు విరిగాయి.

పదహారు రెట్లకీ రేణువులే.  లూర్దు మేరీ పలకని సి.ఐ. ముందుకి జరిపింది.

"మంట కూడా కడిగేస్తుందని ఊరంతా చెప్పుకున్న మిషనే కదా," అన్నాడు క్రాంతి. "దాని మీదెక్కి తన కాటుని కడుక్కుందామనుకున్నాడు. జాన్ బాబు ఒప్పుకోని అబద్ధాన్ని ఇతను నమ్మేడు."

నాలుగుంపావుకి క్రాంతి గ్లాసు తలుపు తోశాడు. వెనక లూర్దు మేరీ, తలుపు పక్క గోడ చాటున పరదేశి. చేతిలో మళ్ళీ క్యారేజీ.

"కృపాకర్ గారూ, ఉక్కగా లేదూ? ఆ చొక్కా చేతులు కొంచెం మడతపెట్టండి. మీరు వద్దన్నా సిస్టర్ నిన్న ముందు శాంపిల్ తీసేసేరు."

కృపాకర్ నవ్వాడు. కమలాఫలం తొన ఈశ్వరి ఒళ్ళో పడింది. అతని చెయ్యి ట్రేలోని కత్తెర మీదికి జారింది. మరుక్షణం ఆ కత్తెర నోట్లో ఈశ్వరి చేతికి వెళ్ళే గొట్టం ఉంది.

"అక్కడే ఆగు. నొక్కేనంటే పిల్ల రక్తం నేల మీదుంటుంది."

ఈశ్వరి బిగుసుకుపోయింది. "అంకుల్..."

"నోర్ముయ్! వారంలో పర్మిషన్లన్నీ వచ్చేసేవి. డాక్టర్ గారూ నేనూ కలిసి రాష్ట్రమంతటా మిషన్లు పెట్టేవాళ్ళం. మీలాంటి వాళ్ళు వందమంది బతికేవారు. వాడికి మూడో రోజు లెక్కలు కావాల్సొచ్చేయి!"

"అబద్ధం లేకుండానే మిషను పనిచేస్తోందన్నాడు జాన్ బాబు. అంతే కదా అతను రాస్తానన్నది?"

"ట్యూబు ఏది? ముందు తీసిన ట్యూబు ఇలా ఇవ్వు!"

"ఇదిగో," అంటూ క్రాంతి చెయ్యి చాచాడు. ఆ చేతిలో ఉన్నది క్యారేజీ.

మూడు గిన్నెల స్టీలు పూర్తి విసురుతో కృపాకర్ దవడ మీద పేలింది. మూతలు ఎగిరాయి. చేపల పులుసు అతని కళ్ళలోకి చిమ్మింది. కారానికి గుడ్డివాడై అతను అరుస్తూ కత్తెర ఊపాడు. అది క్రాంతి జబ్బలో రెండంగుళాలు దిగింది. లూర్దు మేరీ ముందుకి దూకి రెండు గొట్టాలకీ క్లిప్పులు బిగించింది. క్రాంతి అతని తలని మంచం కమ్మీకేసి ఒకసారి కొట్టాడు. జాన్ బాబు కోసం ఇంకోసారి. కత్తెర మళ్ళీ పైకి లేచింది. పరదేశి లాఠీ ఆ మణికట్టు మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు గదిలో అందరికీ వినిపించింది.

క్రాంతి కృపాకర్ చొక్కా చెయ్యి పట్టుకుని భుజం దాకా చింపాడు. గాజుగుడ్డ ఊడింది. ముంజేతి మీద చీము పట్టిన నెలవంక. పైవరసలో పళ్ళ గుర్తులు, మధ్యలో ఒకటి లేదు.

జేబులోంచి పెళ్ళి ఫొటో తీసి సి.ఐ.కి ఇచ్చాడు. షెకీనా పక్కన కీబోర్డు ముందు జాన్ బాబు నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. పైన ముందుపన్ను లేదు. చిన్నప్పుడు క్రికెట్టు బంతికి పోయింది.

"కాటుతో పళ్ళు పోల్చకుండా ఉండాలనే మూతి పగలగొట్టేడు," అన్నాడు పరదేశి.

కృపాకర్ నేల మీదినుంచి నవ్వాడు. నోట్లోంచి రక్తం, పులుసు కలిసి కారుతున్నాయి. "సోమన్న సంతకం పెట్టేసేడు కదా. ఇంక వాడు నోరు తెరవడు."

పరదేశి స్టేషనుకి ఫోన్ చేశాడు. "ఆ సోమన్నని బయటికి తియ్యి. మంచినీళ్ళియ్యి. కోర్టు లేదు, ఏటీ లేదు."

అవతల హెడ్ కానిస్టేబులు గొంతు గదంతా వినిపించింది. "పడుకున్నాడు సార్. మీరు పంపిన డాక్టర్ గారు ఇప్పుడే వచ్చి వెళ్ళేరు. నొప్పులు తగ్గుతాయని నరానికి సూది వేసేరు."

"నేనెవర్నీ పంపలేదే. ఏ డాక్టరు?"

"అదే సార్, గుండె ఆసుపత్రి త్రినాధరావు గారు. పది నిమిషాలయ్యుంటాది. సార్... ఈడికి ముక్కుమ్మట రక్తం వత్తంది సార్. చిగుళ్ళమ్మటా. ఆగట్లేదు."

లూర్దు మేరీ ఖాళీ ట్రే వైపు చూసింది. "హెపారిన్... అన్ని సీసాలూ! సార్, ఆ మనిషిని కొట్టేరా? కమిలిన చోటల్లా లోపల రక్తం కారిపోతాది. అతన్ని కొట్టేరా సార్?"

పరదేశి చేతిలోని లాఠీ వైపు చూసుకున్నాడు. ఆ దెబ్బలు లెక్కపెట్టినవాడు క్రాంతి.

"విరుగుడు ఉందా?"

"ప్రోటమిన్. ఆ గోడ బీరువాలో. తాళం డాక్టర్ గారి దగ్గర..."

క్రాంతి రక్తమోడుతున్న చేత్తోనే సెలైన్ స్టాండు ఎత్తి బీరువా అద్దాన్ని బద్దలుకొట్టాడు. పై అర, కింద అర, మూల. విరుగుడు ఉండాల్సిన పెట్టె తెరిచే ఉంది. లోపల ఒక్క సీసా లేదు.

వాచీలో నాలుగూ ఇరవై రెండు.

పరదేశి చేతిలోంచి లాఠీ జారి నేల మీద దొర్లింది. ఆ చప్పుడుకి ఈశ్వరి, రెండు చేతులకీ సూదులతో, మంచం మీంచి తల పైకెత్తింది.

"మా అయ్యకి సూదెందుకండీ?" అంది. "జబ్బు నాది కదా!"